కళా పరిషత్తు చెక్కుబుక్కు ఎవరి దగ్గరుంది?

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో మన వైపు కళా పరిషత్తులు, అంటే ఏటా నాటిక పోటీలు పెట్టే సంఘాలు, ఒక్కొక్కటీ మూతపడుతున్నాయని రాశారు. జనం టీవీలకీ ఫోన్లకీ అతుక్కుపోయారనీ, నాటకం చూసే నాథుడే లేడనీ, ప్రభుత్వం పట్టించుకోవట్లేదనీ పెద్దలు చెప్పిన మాటలు వేశారు. తాళం వేసిన హాలు ఫొటో కూడా వేశారు. బాగానే ఉంది కానీ, ఆ తాళంచెవి ఎవరి జేబులో ఉందని మీ విలేకరి ఒక్క మాట అడిగుంటే ఇంకా బాగుండేది.

నేను పాలకొల్లులో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేస్తాను. రైసుమిల్లులు, రొయ్యల వ్యాపారాలు, ఎరువుల కొట్లు మా అసలు గిరాకీ. వాటి మధ్యలో ఏడాదికోసారి, అదీ గడువు నెత్తి మీదికొచ్చాక, గుడ్డ సంచీలో బిల్లులు వేసుకుని కళా సంఘాల వాళ్ళు వస్తారు. నాటక పరిషత్తులు, సంగీత సభలు, పిల్లలకి బొమ్మలేయడం నేర్పే చిన్న సంస్థలు, ఇలాంటివి. ఫీజు గట్టిగా అడగడానికి మా సారుకి మొహమాటం, కాబట్టి ఆ సంచీ నేరుగా నా బల్ల మీదికొస్తుంది. మా ఊళ్ళో ఒక చిన్న కళా సమితికి నేనే కోశాధికారిని కూడా. అందుకని ఇది బయట నిలబడి రాళ్ళేసేవాళ్ళ ఉత్తరం అనుకోకండి.

నేను చెప్పేది ఒకటే. మన పరిషత్తులు చూసేవాళ్ళు కరువై ఆగిపోవట్లేదు. నడిపే పెద్దమనుషులు తమ తర్వాత ఎవరు నడపాలో చూసుకోకపోవడం వల్ల ఆగిపోతున్నాయి.

చూసేవాళ్ళు లేరన్న మాట ముందు తేల్చేద్దాం. అంతర్వేది తీర్థానికో, ఏ ఊరి అమ్మవారి జాతరకో వెళ్ళి చూడండి. రాత్రి పదింటికి పద్యనాటకం మొదలైతే చాపలూ దుప్పట్లూ తెచ్చుకుని కూర్చున్నవాళ్ళు తెల్లారగట్ల దాకా కదలరు. పద్యానికి వన్స్‌మోర్ కొట్టే ముసలాళ్ళే కాదు, హార్మోనియం పక్కన సెల్‌ఫోన్ పెట్టి రికార్డు చేసుకునే కుర్రాళ్ళూ ఉంటారు. అదే జనం పరిషత్తు హాలుకి ఎందుకు రారంటే, వచ్చారండీ, వచ్చి విసిగిపోయి వెళ్ళిపోయారు. ఆహ్వాన పత్రికలో సాయంత్రం ఆరున్నరకి నాటిక అని వేస్తారు. ఆరున్నరకి మైకు టెస్టింగు. ఏడున్నరకి జ్యోతి ప్రజ్వలన, ఎమ్మెల్యే గారు ఇంకా దారిలో ఉన్నారు కాబట్టి ఆ లోపు స్థానిక పెద్దల ప్రసంగాలు, ఆయన వచ్చాక మళ్ళీ మొదటి నుంచీ ప్రసంగాలు, ఆ తర్వాత సన్మానాలు.

ఆమధ్య మన పక్క ఊరి పరిషత్తులో ఏదో పని మీద గ్రీన్‌రూములోకి వెళ్ళాను. తల్లి వేషం వేసిన ఆవిడ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. ఏడింటికల్లా మేకప్ వేసేశారు, తొమ్మిదయినా స్టేజీ ఖాళీ కాలేదు. ఫ్యాను తిప్పితే తెరకి గాలి తగిలి కదులుతోందని ఎవరో ఆపేశారు. నుదుటి మీద చెమటకి పౌడరు చారలు కట్టింది, ఒళ్ళో జేబురుమాలు పెట్టుకుని చుక్క కారినప్పుడల్లా అద్దుకుంటోంది, తుడిస్తే మేకప్ పోతుందని. తెర అవతల ఆరో శాలువా కప్పుతున్నారు. "ఇంకెన్ని ఉన్నాయండీ?" అని అడిగింది నన్ను. జాబితా చూసి పన్నెండు అని చెప్పడానికి నోరు రాక, అయిపోవచ్చిందమ్మా అన్నాను. ఆవిడకి తెల్లారి విజయవాడలో డ్యూటీ. ఆ నాటిక పదింటికి ఎత్తితే ఎదురుగా ఉన్నది ముప్పయ్యో నలభయ్యో తలకాయలు. మర్నాడు కమిటీ వాళ్ళు విలేకరులతో చెప్పింది ఏంటంటే, జనానికి కళ మీద ఆసక్తి తగ్గింది అని!

ఇప్పుడు కమిటీల సంగతికొస్తాను. ఏ పరిషత్తు కరపత్రమైనా తీసుకోండి. పైన గౌరవాధ్యక్షులు, కింద అధ్యక్షులు, కార్యనిర్వాహక అధ్యక్షులు, ముగ్గురు నలుగురు ఉపాధ్యక్షులు, ప్రధాన కార్యదర్శి, సహాయ కార్యదర్శులు, కోశాధికారి, సలహాదారులు. ఇంతమంది పేర్ల వెనకాల పని చేసేది మాత్రం ఒక్కడే. మన డెల్టాలో ప్రతి ఊళ్ళోనూ ఒకాయన ఉంటాడు, మీకూ తెలిసే ఉంటాడు. రిటైరైన మాస్టారో, బ్యాంకులో చేసినాయనో, మిల్లు గుమాస్తానో. స్క్రిప్టులు తెప్పించేది ఆయనే, చదివి ఏరేది ఆయనే, చందా పుస్తకం చంకలో పెట్టుకుని ఎండలో సైకిలు మీద తిరిగేది ఆయనే. హైదరాబాదు నుంచి, గుంటూరు నుంచి వచ్చే ట్రూపులకి లాడ్జీ మాట్లాడేదీ, న్యాయనిర్ణేతల్లో ఒకరికి షుగరు కాబట్టి పుల్కాలు చెప్పేదీ, షీల్డుల మీద దాత పేరులో అచ్చుతప్పు పడితే రాత్రికి రాత్రి మార్పించేదీ ఆయనే. ఇంట్లో ఆవిడ చేత తిట్లు తింటాడు, చేతి డబ్బులు పెడతాడు. ఆయనకి నేను ఎప్పుడూ దణ్ణమే పెడతాను. ఆయన లేకపోతే మన ఊళ్ళలో నాటకం ఎప్పుడో పోయేది.

కానీ చిక్కంతా ఆ మంచి మనిషి దగ్గరే మొదలవుతుంది. ఎందుకంటే ఆయన ఏదీ రాసిపెట్టడు, ఎవరికీ అప్పగించడు. దాతల ఫోన్ నంబర్లు ఆయన పాత డైరీలో. ట్రూపులతో మాటలు ఆయన ఫోన్లో. చందాలు ఆయన సొంత ఫోన్‌పేలో. తెరలు, లైట్లు ఆయన పెరట్లో రేకుల షెడ్డులో. రిజిస్ట్రేషన్ కాగితం ఎక్కడుందో ఆయనకొక్కడికే తెలుసు, కొన్నిసార్లు ఆయనకీ గుర్తుండదు. ఎవరైనా కుర్రాడు "నేను చూస్తాను మాస్టారూ" అంటే, "నీకెందుకురా శ్రమ, నేనున్నాగా" అంటాడు. ప్రేమతోనే అంటాడు. ఆ ప్రేమే కొంప ముంచుతోంది.

ఒక ఊరి సంగతి చెప్తాను, ఊరి పేరు వద్దులెండి. మంచి పేరున్న పరిషత్తు. బ్యాంకు ఖాతాలో సంతకాలు ఇద్దరివి, అధ్యక్షులది, కార్యదర్శిది. కార్యదర్శి గారు హఠాత్తుగా పోయారు. అధ్యక్షులు గారు అప్పటికే కొడుకు దగ్గర అమెరికాలో ఉంటున్నారు. ఖాతాలో డబ్బుంది, తీసేవాళ్ళు లేరు. కొత్తవాళ్ళు తీర్మానం రాసుకుని బ్యాంకుకి వెళ్తే, మీరే కమిటీ అని రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి కాగితం తెమ్మన్నారు. అందులో బ్యాంకు తప్పేమీ లేదు. రిజిస్ట్రార్ ఆఫీసులో చూస్తే కమిటీ జాబితా దాఖలు చేసి ఏళ్ళు గడిచాయి, ఆఖరి జాబితాలో ఉన్నవాళ్ళలో సగం మంది స్వర్గస్థులు. పోయినాయన పుస్తకాలు నా దగ్గరికొచ్చాయి. పొడుగాటి లాంగ్ బుక్కు, ముత్యాల్లాంటి దస్తూరీ. మైకు సెట్టు అడ్వాన్సు, గ్రీన్‌రూము టీలు, తబలా ఆయనకి ఆటో, మేకులు అరకిలో, అన్నీ పైసలతో సహా రాశారు. పక్కన ఎర్ర ఇంకుతో "సొంతం" అని ఉంది చాలాచోట్ల. అంటే తన జేబులోంచి పెట్టిన డబ్బు. అంత నిజాయితీగల లెక్క నేను రైసుమిల్లుల్లో కూడా చూళ్ళేదు, అయినా ఆ ఏడూ పరిషత్తు జరగలేదు, ఆ మరుసటేడూ జరగలేదు. ఆదరణ లేక ఆగిపోయిందని ఊళ్ళో చెప్పుకున్నారు.

చట్టం ఏమంత కష్టంగా లేదండీ. మన రాష్ట్రంలో 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురుంటే సంఘం పెట్టుకోవచ్చు. ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి, జరిగిన 15 రోజుల్లోపు కమిటీ జాబితా రిజిస్ట్రార్‌కి పంపాలి. అంతే. ఈ ఒక్క కాగితం ఏటా పంపే సంఘానికి రేపు సంతకం పెట్టేవాళ్ళు మారినా బ్యాంకులో ఇబ్బంది ఉండదు, గొడవ వచ్చి జిల్లా కోర్టు దాకా వెళ్ళినా అసలు కమిటీ ఎవరిదో తేలుతుంది. నా దగ్గరికొచ్చే సంఘాల్లో దీన్ని క్రమంగా చేసేవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. సమావేశం జరిగినట్టు మినిట్స్ బుక్కులో రాసి ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించుకోవడం మాత్రం అందరికీ వచ్చు.

డబ్బు విషయంలో ఇంకా చిత్రం. ఊళ్ళో పెద్దలు "మనకి 80జి ఉందండీ" అని దాతలతో చెప్తుంటారు. అంటే చందా ఇచ్చినవాళ్ళకి ఆదాయపు పన్నులో మినహాయింపు ఇప్పించే అనుమతి. ఎప్పుడో తీసుకున్నది. 2021 ఏప్రిల్ నుంచి రూల్సు మారి, పాత 12ఎ (సంఘం ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి ఉన్నవాళ్ళంతా మళ్ళీ రిజిస్టర్ చేసుకోవాల్సి వచ్చింది. ఆ సంగతి తెలియని సంఘాలు ఇప్పటికీ పాత నంబరు అచ్చేసిన రసీదులే చింపి ఇస్తున్నాయి. దాత రిటర్నులో వేసుకుంటే నోటీసు వస్తుంది, ఆ మనిషి మళ్ళీ జన్మలో చందా ఇస్తాడా? 2,000 రూపాయలు దాటిన నగదుకి మినహాయింపు రాదు, 2017-18 నుంచీ అంతే. పైగా కొత్త పన్ను విధానంలో ఉన్న జీతగాళ్ళకి 80జి ఉన్నా లేనట్టే. అందుకని పన్ను కలిసొస్తుందని చెప్పి చందా అడిగే రోజులు పోయాయి. మీ డబ్బు ఇలా ఖర్చుపెట్టాం అని కాగితం చూపించి అడగాలి. ఆ కాగితం కార్యదర్శి డైరీలో ఉంటే ఏం చూపిస్తాం?

అమెరికా పిల్లల డబ్బు సంగతి ఇంకో తలనొప్పి. మన కోనసీమ, భీమవరం వైపు ఏ పరిషత్తుకైనా ఒకరిద్దరు ప్రవాస దాతలు ఉంటారు. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సంపాదనలోంచి మామూలు బ్యాంకు దారిలో పంపితే ఇబ్బంది లేదు. కానీ అక్కడ పౌరసత్వం తీసేసుకున్నాక, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మనవాళ్ళకి ఇచ్చేది) ఉన్నా సరే, వాళ్ళిచ్చేది విదేశీ విరాళం కింద లెక్క. ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ లేకుండా తీసుకోకూడదు. "మన వెంకటేశ్వర్లు గారి అబ్బాయే కదమ్మా, విదేశీయుడెలా అవుతాడు?" అని ఒక అధ్యక్షులు గారు నాతో వాదించారు. మన వెంకటేశ్వర్లు గారి అబ్బాయే, కాదనను, చట్టానికి ఆ చుట్టరికం తెలియదు. ఇలాంటివి తెలిసిన మనిషి కమిటీలో ఒక్కరు చాలు. ఆ ఒక్కరికి కుర్చీ ఇవ్వడానికే బాధ. రైసుమిల్లు ఆయన ఉపాధ్యక్షుడు అవుతాడు, రిటర్నులు వేసే అమ్మాయి "సహకారం" కింద చివర్లో చిన్నక్షరాల్లో ఉంటుంది.

ఓఎన్‌జీసీ లాంటి కంపెనీలు మన కాళ్ళ కిందే చమురూ గ్యాసూ తీస్తున్నాయి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకి పెట్టాలి, ఆ పనుల జాబితాలో కళలూ సంస్కృతీ కూడా ఉన్నాయి. ఎన్ని కళా సంఘాలు ఆ డబ్బు అడిగే స్థితిలో ఉన్నాయి? 2021 నుంచి అడగాలంటే ముందు సంఘం కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర నమోదు చేసుకోవాలి, దానికి పాన్, 12ఎ వగైరా సరిగ్గా ఉండాలి. మనకి కమిటీ జాబితాకే దిక్కులేదు. వినతిపత్రం పట్టుకుని ఎమ్మెల్యే గారి చుట్టూ తిరగడం మాత్రం మానం.

"కుర్రాళ్ళు రావట్లేదమ్మా, మేమేం చేస్తాం" అంటారు పెద్దలు. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. కనుమ నాడు కోనసీమలో జగ్గన్నతోటకి వెళ్ళండి. అంతంత బరువు ప్రభల్ని (దేవుడి కోసం వెదురుతో కట్టి అలంకరించినవి) భుజాల మీద మోసుకుని, పచ్చని చేలల్లోంచి, కౌశిక ఏట్లో గొంతుదాకా నీళ్ళలో దిగి దాటించేది ఎవరు? 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్రం శకటంగా వెళ్ళింది ఆ ప్రభల తీర్థమే. అక్కడ కుర్రాళ్ళు ఎందుకొస్తున్నారంటే ఆ ప్రభ తమదని వాళ్ళకి తెలుసు, ఎప్పుడు ఎత్తాలో ఎక్కడ ఆపాలో వాళ్ళ కేకల మీదే నడుస్తుంది. పరిషత్తుకొచ్చిన కుర్రాడికి మనం ఏం ఇస్తున్నాం? కుర్చీలు వెయ్యమంటాం. ఆకుల కట్టలు మొయ్యమంటాం. ఫేస్‌బుక్ లైవ్ పెట్టరా అంటాం. ఏ నాటిక ఎంచాలో అడగం, చెక్కు మీద సంతకం మాట దేవుడెరుగు. రెండేళ్ళు కుర్చీలు వేసి మూడో ఏడు వాడు రాడు, రాకపోవడమే తెలివైన పని.

పూర్వం ఇలా లేదండీ. 1880లో కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో తొలి నాటకం వేయించింది విద్యార్థుల చేతనే. ఆ తర్వాత అదే ఊళ్ళో ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారని ఒక మాస్టారు నాటక సమాజం నడిపారు. ఒంగోలు వైపు నుంచి వస్తూ ఒక పేద శిష్యుణ్ణి వెంటబెట్టుకొచ్చి, చదివించి, స్టేజీ మీద ఆడవేషాలు కూడా వేయించారు. ఆ కుర్రాడే టంగుటూరి ప్రకాశం. కాకినాడలో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ పేరులోనే కుర్రాళ్ళున్నారు. ఎస్.వి. రంగారావు, అంజలీదేవి, రేలంగి ఆ స్టేజీ ఎక్కినవాళ్ళే. మా పాలకొల్లు వాళ్ళం అల్లు రామలింగయ్య గారి పేరూ దాసరి నారాయణరావు గారి పేరూ చెప్పుకుని మురిసిపోతాం, వాళ్ళకి ఆ వయసులో ఎవరో స్టేజీ వదిలిపెట్టారన్న సంగతి మాత్రం గుర్తుపెట్టుకోం.

నాయకత్వం అంటే నాకు దామెర్ల రామారావు గారి కంటే ఆయన తర్వాతి వాళ్ళే ఎక్కువ గుర్తొస్తారు. రామారావు గారు 1925లో మశూచి సోకి 28 ఏళ్ళు నిండకుండానే పోయారు. అంతటి చిత్రకారుడు పోయాక ఆ బొమ్మలు ఏ అటకల మీదో చెదలు పట్టి ఉండాల్సింది. భార్య సత్యవాణి గారు, స్నేహితుడు వరదా వెంకటరత్నం గారు వాటిని కాపాడారు, చిత్రకళ నేర్పే బడిని నిలబెట్టారు. వెంకటరత్నం గారు స్వయంగా మంచి చిత్రకారులు, తన బొమ్మల కోసం ఆ కాలమంతా వాడుకుని ఉండొచ్చు. ఇవాళ రాజమహేంద్రవరంలో దామెర్ల ఆర్ట్ గ్యాలరీకి వెళ్ళి బొమ్మలు చూసొచ్చేవాళ్ళలో ఎంతమందికి ఆయన పేరు తెలుసు? ఆయన ఫ్లెక్సీ నేనెక్కడా చూళ్ళేదు.

అలాగే కపిలేశ్వరపురంలో సర్వరాయ హరికథా పాఠశాల. 1973లో పెట్టారు. జమీందారీ కుటుంబం పూనుకుంది కాబట్టి వాళ్ళకేం లోటు అనొచ్చు, నిజమే, స్థలం, డబ్బు ఉన్నాయి. కానీ డబ్బున్న వాళ్ళు చాలామంది సన్మానాలు చేసి ఊరుకున్నారు. వీళ్ళు పిల్లలకి అన్నం పెట్టి, ఉండడానికి చోటిచ్చి, హరికథ నేర్పించారు. ఆడపిల్లలు గజ్జె కట్టి చిడతలు పట్టుకుని ఊరూరా కథ చెబుతున్నారంటే ఆ బడి చలవ ఎంతో ఉంది. నేర్పే సంస్థకి ఒక సుఖం ఉంది, దాని వారసులు అందులోనే తయారవుతారు. ఏడాదికి మూడు రాత్రుళ్ళు పోటీలు పెట్టి మిగతా రోజులు తాళం వేసుకునే సంస్థకి వారసుడు ఎక్కణ్ణుంచి వస్తాడు?

ఆడవాళ్ళ మాట వచ్చింది కాబట్టి అది కూడా అనేస్తాను. కమిటీలో మహిళా సభ్యురాలు ఎవరని చూస్తే చాలాచోట్ల కార్యదర్శి గారి భార్య. ఆవిడ సభకి జ్యోతి వెలిగించే వేళకి వస్తారు. పరిషత్తుల్లో నటించే ఆడవాళ్ళు రాత్రిళ్ళు బస్సుల్లో తిరిగి, ఊరికో నాటిక చొప్పున వేసి బతికేవాళ్ళు, గ్రీన్‌రూముకి తలుపు ఉండాలి, బాత్రూములో నీళ్ళుండాలి అని చెప్పేవాళ్ళు కమిటీలో ఉంటేనే కదా ఆ ఏర్పాటు జరిగేది. కళాకారులూ అంతే. మాధవపట్నం తోలుబొమ్మలాట వాళ్ళని, అమ్మవారి గరగలు తల మీద పెట్టుకుని ఆడేవాళ్ళని, డప్పు కళాకారుల్ని ప్రారంభ ఊరేగింపుకి పిలుస్తాం, ముందు నడిపిస్తాం, శాలువా కప్పుతాం, వేదిక మీద కుర్చీ మాత్రం వెయ్యం, కమిటీలో పేరు అసలే రాయం. ఎందుకు రాయమో మన గోదావరి జిల్లాల్లో అందరికీ తెలుసు, ఏ పరిషత్తు ఏ కులం వాళ్ళదో రిక్షా అతనైనా చెప్తాడు. అధ్యక్ష పదవి ఒక సామాజిక వర్గం దాటి బయటికి పోకూడదని లోపాయికారీగా మాట్లాడుకునే కమిటీలు నేను చూశాను. అలాంటి చోట ఊరంతా చందాలివ్వాలనీ, ఊరంతా వచ్చి కూర్చోవాలనీ అనుకోవడం దురాశ.

ఎన్నికలు పెడితే రాజకీయాలు చొరబడతాయి, ఉన్నది కాస్తా పోతుంది అంటారు కొందరు. ఆ భయం ఉత్తది కాదు. సభ్యత్వాలు గంపగుత్తగా కట్టించి సంఘాన్ని ఎగరేసుకుపోయిన సంగతులు నేనూ విన్నాను. దానికి మందు ఎన్నికలు మానేయడం కాదు, సభ్యత్వం తీసుకున్న ఏడాది దాకా ఓటు లేదని బైలాలో, అంటే సంఘం నియమావళిలో, రాసుకుంటే సరిపోతుంది. పదవి రెండు విడతలే అని రాసుకోవచ్చు. దిగిపోయిన పెద్దాయన సలహాదారుగా ఉండొచ్చు, ఆయన నోట్లో ఉన్న అనుభవం ఎవరూ లాక్కోరు. మా సమితిలో పోయినేడు ఇదే చేశాం. చెక్కు మీద సంతకం చేసే ముగ్గురిలో ఒకరు ముప్పై ఏళ్ళలోపు వాళ్ళు ఉండాలని తీర్మానం చేశాం. మా అధ్యక్షులు గారు మూడు నెలలు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతున్నారు, ఆ కుర్రాడు క్యూఆర్ కోడ్ సంఘం ఖాతాకి పెట్టించాక చందాలు ఎవరిచ్చారో ఆయన ఫోనుకి కూడా మెసేజీ వస్తోంది కదా, రోజుకి నాలుగుసార్లు చూసుకుంటున్నారు.

మీ పత్రికకి కూడా ఒక మాట, కోపగించుకోకండి. పరిషత్తు వార్తల్లో మీరు వేసే ఫొటో ఎప్పుడూ శాలువాలదే. వరసగా పదిమంది, మధ్యలో షీల్డు. నాటిక వేసిన వాళ్ళ ఫొటో ఉండదు, దర్శకుడి పేరు తప్పుపడుతుంది, లైటింగ్ చేసిన వాడి పేరు అసలుండదు. పత్రికలో ఫొటో పడుతుందనే ఆశ లేకపోతే సగం సన్మానాలు ఉండవు, సన్మానాలు లేకపోతే నాటిక ఏడింటికే మొదలవుతుంది. ఈసారి పరిషత్తు ప్రెస్‌మీట్‌కి మీ విలేకరి వెళ్ళినప్పుడు రెండే ప్రశ్నలు అడగమనండి. ఆఖరి సర్వసభ్య సమావేశం ఏ తారీకున జరిగింది, పోయినేటి జమాఖర్చులు ఎవరికి చదివి వినిపించారు అని. జవాబు ఏదైనా సరే అచ్చేయండి. మూతపడబోయే సంస్థలేవో మీకు రెండేళ్ళ ముందే తెలిసిపోతుంది.

ఉత్తరం పొడుగైపోయింది, ఎక్కడ కావాలంటే అక్కడ కత్తిరించుకోండి. 80జి గురించి రాసిన పేరా మాత్రం దయచేసి ఉంచండి. పోయిన ఆర్థిక సంవత్సరంలో వచ్చిన విరాళాల వివరాలు మే 31లోపు ఆదాయపు పన్ను శాఖకి దాఖలు చెయ్యాలి, లేకపోతే దాతలకి సర్టిఫికెట్లు రావు, ఆలస్యమైన ప్రతి రోజుకీ సంఘానికి రుసుము పడుతుంది. గుడ్డ సంచీల వాళ్ళు ఇంకా ఎవరూ మా ఆఫీసుకి రాలేదు.

ఇట్లు,
ఒక కళా సమితి కోశాధికారి,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా.